రక్తపోటు: వంశం ఎవరిది?

(ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రక్తపోటు గురించి మాట్లాడమని అడిగినప్పుడు మీరు పొరపాటు పడ్డారేమో అనుకున్నాను. నేను డాక్టర్నే కానీ ఆ డాక్టర్ని కాదు, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని అని చెప్పాను. దానికి మీ కార్యకర్త ఒకరు ఇలా జవాబిచ్చారు: "మందుల సంగతి ఆస్పత్రిలో చెప్తారు మేడం. మేం ఇంటికి వెళ్ళి బి.పి. చూపించుకోమ్మా అంటే, ఇది మా వంశంలోనే ఉంది, చూపించుకుంటే పోతుందా అంటారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు." ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ వచ్చాను. పూర్తిగా దొరికిందని చెప్పను.

ముందు ఒక ఇంటి సంగతి చెప్తాను. కొన్నేళ్ళ కిందట హైదరాబాద్‌లో ఒక బస్తీలో, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ ఆరోగ్యం మీద పని చేస్తున్నాను. అక్కడ పాలమూరు నుంచి వలస వచ్చిన ఒకామె ఉండేది. ముప్పై ఎనిమిదేళ్ళు. నాలుగు ఇళ్ళలో అంట్లు, బట్టలు. తలనొప్పి, కళ్ళు తిరగడం. మాతో ఉన్న నర్సు బి.పి. చూస్తే 170/104. ఆమెకేమీ ఆశ్చర్యం కలగలేదు. "మా అమ్మకు గూడ ఉండె మేడం. రక్తంల ఉన్నది గద, ఏం జేస్తం" అంది. రెండో కాన్పులో ఎనిమిదో నెలకే ఒళ్ళంతా ఉబ్బి ఫిట్స్ వచ్చాయట. మన వాళ్ళు గుర్రపు వాతం అంటారే, అది. బిడ్డ దక్కలేదు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది: తల్లిగారింటి రోగం తెచ్చింది అని.

నాలుగైదుసార్లు వెళ్ళాక వాళ్ళత్త నాతో మాట కలిపింది. ఒకరోజు గడప దగ్గర కూచుని బియ్యం ఏరుతూ, ఎవరూ అడక్కుండానే చెప్పింది: "వీడు కడుపుల ఉన్నప్పుడు నాక్గూడ గట్లనే మొఖం, కాళ్ళు ఉబ్బినయ్. కాన్పు నాడు వాతం కమ్మింది. రెండు దినాలు తెలివి లేదంట." వీడు అంటే కొడుకు, అంటే ఈమె భర్త. కోడలు లోపల అంట్లు తోముతోంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా ఆ మాట ఆమె వినడం అదే మొదటిసారి.

ఆ రోజు నాకు తోచింది ఒకటే. ఈ "వంశం" అన్న మాటను మనం సరిగ్గా అడగడం లేదు. ఆస్తి పంపకాల్లో, ఇంటిపేరులో, గోత్రంలో వంశం అంటే తండ్రిది. జబ్బు దగ్గరికి వచ్చేసరికి అది తల్లిది అయిపోతుంది. ఇందులో సైన్సు ఎంత, అలవాటు ఎంత అని చూడాలనిపించింది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను యూనివర్సిటీలో చదివే రోజుల్లో మాకు జన్యువులు అనే మాటంటేనే ఒళ్ళు మంట. ఆడదాని శరీరమే ఆమె తలరాత అని చెప్పడానికి జీవశాస్త్రాన్ని ఎంతగా వాడుకున్నారో చదువుకున్నాం కాబట్టి, ఎవరైనా జన్యువు అంటే చాలు, సమాజాన్ని దాచిపెట్టడానికే అంటున్నారని తేల్చేసేవాళ్ళం. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. కానీ ఆ అనుమానంతోనే చదవడం మానేశాం. అది తప్పు. రక్తపోటులో వంశం పాత్ర ఉంది. కాదనడం వల్ల ఏ ఆడమనిషికీ మేలు జరగదు. ఆ పాత్ర ఏమిటో, ఎంతో, ఎవరి వైపు నుంచో తెలుసుకుంటే జరుగుతుంది.

ఇంగ్లండులో 1940ల చివర్నుంచి రాబర్ట్ ప్లాట్, జార్జ్ పికరింగ్ అనే ఇద్దరు పెద్ద డాక్టర్ల మధ్య దీని మీద ఏళ్ళ తరబడి వాదం నడిచింది. రక్తపోటు ఒక్క జన్యువుతో వచ్చే జబ్బు అని ప్లాట్ అన్నాడు. ఆ జన్యువు ఉన్నవాళ్ళకు వస్తుంది, లేనివాళ్ళకు రాదు అన్నట్టు. పికరింగ్ కాదన్నాడు. రక్తపోటు ఎత్తులాంటిది, పొట్టివాళ్ళు పొడుగువాళ్ళు అని మనుషులు రెండు జాతులుగా లేరు, మధ్యలో అన్ని కొలతలూ ఉంటాయి, చిన్న చిన్న జన్యు తేడాలు ఎన్నో కలిసి దాన్ని కొంత అటో ఇటో జరుపుతాయి అన్నాడు. చివరికి నిలబడింది ఎక్కువగా పికరింగ్ మాటే. పది లక్షల మందికి పైగా మనుషుల్ని పరిశీలించి 2018లో అచ్చయిన ఒక అధ్యయనంతో, రక్తపోటుతో సంబంధమున్న జన్యు స్థానాల లెక్క 901కి చేరింది. 2024లో వచ్చిన ఇంకో అధ్యయనం రెండు వేలకు పైగా జన్యు సంకేతాల్ని చూపించింది. వీటిలో చాలావాటి ప్రభావం బి.పి. అంకెలో ఒక పాయింటు కూడా ఉండదు. అన్నీ పోగుపడితే మాత్రం తక్కువేం కాదు. ఆ 2024 అధ్యయనంలో వంశభారం అందరికన్నా ఎక్కువగా ఉన్న పదో వంతు మందికీ, అందరికన్నా తక్కువున్న పదో వంతు మందికీ మధ్య పై అంకెలో సుమారు 17 పాయింట్ల తేడా కనిపించింది. ఈ లెక్కలు ప్రధానంగా యూరప్ మూలాలున్న వాళ్ళ రక్తం నుంచి తీసినవి. వాటిని తెచ్చి మన పాలమూరు మీదా పలాస మీదా అలాగే అతికించలేం.

ఒక్క జన్యువులో మార్పు వల్లే రక్తపోటు వచ్చే కుటుంబాలు కూడా ఉన్నాయి. చాలా అరుదు. 1963లో లిడిల్ అనే డాక్టరు అలాంటి ఒక కుటుంబం గురించి రాశాడు. ఆ జబ్బుకు ఆయన పేరే ఉండిపోయింది. తర్వాత లిఫ్టన్ బృందం ఇలాంటివి చాలా వెలికి తీసింది. ఇవన్నీ దాదాపు ఒక్క చోటికే, అంటే మూత్రపిండం దగ్గరికే వస్తాయి. ఒంట్లోని ఉప్పును ఎంత బయటికి పంపాలి, ఎంత వెనక్కి పట్టుకోవాలి అనే పనిలో ఎక్కడో తేడా. వాటిలో 2000లో బయటపడిన ఒకటి మనం ప్రత్యేకంగా గమనించాల్సింది. ఉప్పును పట్టి ఉంచమని మూత్రపిండానికి చెప్పే గ్రాహకం ఒకటి ఉంటుంది. మామూలుగా ప్రొజెస్టరాన్ దాన్ని అడ్డుకుంటుంది. ఆ కుటుంబంలో జన్యుమార్పు వల్ల అదే ప్రొజెస్టరాన్ దాన్ని రెచ్చగొడుతోంది. గర్భంతో ఉన్నప్పుడు ప్రొజెస్టరాన్ ఎన్నో రెట్లు పెరుగుతుందని మీకు తెలుసు. ఆ మార్పు ఉన్న ఇద్దరు స్త్రీలకు కలిపి అయిదు గర్భాలు వస్తే, అయిదింటిలోనూ బి.పి. విపరీతంగా పెరిగింది. మగవాళ్ళకూ ఆ జన్యువు ఉంది, బి.పి. కూడా ఉంది. కానీ గర్భం మోసేది ఆడవాళ్ళే కాబట్టి ఆ పరీక్ష వాళ్ళకే వచ్చింది.

కాబట్టి ఇరవై, పాతిక ఏళ్ళ లోపలే బి.పి. బాగా ఎక్కువున్న అమ్మాయి కనిపిస్తే, ఆ ఇంట్లో చిన్న వయసులోనే పక్షవాతం వచ్చినవాళ్ళుంటే, "వంశం" అని సర్దుకోవద్దు. పెద్దాస్పత్రికి పంపండి. అలాంటి కొన్ని జబ్బులకు వాటికి తగ్గ మందులు వేరుగా ఉన్నాయి. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ అదే జన్యువు అందితేనే వచ్చే అరుదైన జబ్బుల్ని కూడా గుర్తుంచుకోవాలి. అయితే మనం రోజూ చూసే బి.పి. ఇది కాదు. నూటికి తొంభైమందికి పైగా ఉన్నది ఆ పికరింగ్ చెప్పిన రకమే.

ఇక ఆ అత్త చెప్పిన మాట దగ్గరికి వస్తాను.

గర్భిణికి వచ్చే బి.పి.కి కారణం గర్భిణే అని అందరం అనుకుంటాం. ఆమె ఒళ్ళు, ఆమె తిండి, ఆమె తల్లి. 1998లో నార్వే జనన రికార్డుల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఒక స్త్రీకి గర్భంలో బి.పి. జబ్బు, అంటే ప్రీఎక్లాంప్సియా వచ్చింది. ఆ బిడ్డ తండ్రికి తర్వాత వేరే స్త్రీ ద్వారా బిడ్డ కలిగితే, ఆమెకు కూడా ఆ జబ్బు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు, కచ్చితంగా చెప్పాలంటే 1.8 రెట్లు, ఉందని తేలింది. ఆ రెండో స్త్రీకి అంతకుముందు ఆ జబ్బు వచ్చి ఉన్నా, లేకపోయినా అంతే. మారనిది తండ్రి ఒక్కడే. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రం నుంచి ఇంకొకటి వచ్చింది. తాము పుట్టినప్పుడు తమ తల్లికి ఈ జబ్బు ఉన్న మగవాళ్ళ భార్యలకు అది వచ్చే అవకాశం సుమారు రెండింతలు. అలా పుట్టిన ఆడవాళ్ళకైతే సుమారు మూడింతలు. అంటే తల్లిగారి వైపు బరువే ఎక్కువ, నిజమే. కానీ అత్తగారి వైపు కూడా బరువుంది.

కారణం మాయలో ఉంది. మాయ తల్లి ఒంట్లో భాగం అనుకుంటాం కానీ, అది బిడ్డతో పాటు పెరిగేది. అందులో సగం జన్యువులు తండ్రివి. మాయ నుంచి వెలువడే ఒక ప్రోటీను ఎక్కువైతే తల్లి రక్తనాళాలు దెబ్బతింటాయి, బి.పి. పెరుగుతుంది. ఆ ప్రోటీనుకు సంబంధించిన జన్యువు దగ్గర, తల్లిలో కాదు, బిడ్డలో ఉన్న తేడాలు ఈ జబ్బుతో ముడిపడి ఉన్నాయని 2017లో చూపించారు.

మా బస్తీలో ఆమెకు వచ్చింది భర్త వైపు నుంచే అని నేను అనడం లేదు. ఒక్క మనిషి విషయంలో అలా తేల్చడం ఎవరి వల్లా కాదు. తల్లికి బి.పి. ఉందన్నదీ నిజమే. కానీ అత్త కాన్పు సంగతి ముందే ఎవరైనా అడిగి ఉంటే? గర్భిణిగా కార్డు రాసేటప్పుడు "మీ అమ్మకు బి.పి. ఉందా" అని అడుగుతారు. "మీ అత్తకు కాన్పుల్లో ఎలా ఉండేది" అని అడిగిన వాళ్ళను నేనింతవరకూ చూడలేదు. అడిగితే ఉపయోగం ఉంది. ప్రమాదం ఎక్కువున్న గర్భిణులకు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ముందుగానే మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. దాన్ని ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరే నిర్ణయించాలి. మనం చెయ్యగలిగింది ఆ చరిత్ర డాక్టరు ముందుకు వచ్చేలా చూడడం.

అనువంశికత ఎంత అని అడిగితే, కవలల మీదా కుటుంబాల మీదా చేసిన అధ్యయనాలు 30 నుంచి 50 శాతం అంటాయి. ఈ అంకెతో చాలా జాగ్రత్తగా ఉండాలి. మీ బి.పి. 160 అయితే అందులో 80 అమ్మానాన్నలు ఇచ్చారని దీని అర్థం కాదు. ఒకే రకమైన పరిస్థితుల్లో బతికే ఒక గుంపులో, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాలో వంశం వాటా అది. జన్యుశాస్త్రవేత్త లెవంటిన్ దీన్ని మొక్కజొన్న గింజలతో చెప్పాడు, నేను వడ్లతో చెప్తాను. రకరకాల వడ్లు కలిసిన బస్తాలోంచి రెండు దోసిళ్ళు తీశాం. ఒకటి కాలువ మొదట్లో ఉన్న మడిలో చల్లాం, ఇంకోటి నీళ్ళందని చివరి మడిలో. ఒక్కో మడి లోపల మొక్కకీ మొక్కకీ ఉన్న తేడా విత్తనానిదే. కానీ ఈ మడికీ ఆ మడికీ ఉన్న తేడా నీళ్ళది. విత్తనాల మీద ఎంత పరిశోధన చేసినా కాలువ ఎక్కడ ఆగిపోయిందో తెలియదు.

అమెరికాలో నల్లజాతి వాళ్ళకు బి.పి. ఎక్కువ. వాళ్ళ జాతిలోనే ఉందని చాలాకాలం చెప్పారు. బానిస ఓడల్లో ఉప్పును ఒంట్లో పట్టి ఉంచుకోగలిగిన వాళ్ళే బతికి బయటపడ్డారు, వాళ్ళ సంతానం కాబట్టి వీళ్ళకు బి.పి. అని ఒక సిద్ధాంతం కూడా కట్టారు. చరిత్రకారులు దానికి ఆధారాలు లేవన్నారు. రిచర్డ్ కూపర్ అనే డాక్టరు, ఆయన సహచరులు పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న వాళ్ళనే మూడు చోట్ల కొలిచారు. 1997లో అచ్చయిన ఆ లెక్కలో బి.పి. ఉన్నవాళ్ళు పశ్చిమ ఆఫ్రికాలో నూటికి 16, కరీబియన్ దీవుల్లో 26, అమెరికాలో 33. విత్తనం దగ్గరిదే, మడి వేరు. "వాళ్ళ జాతే అంత" అనే మాట ఎవరి నోట, ఎవరి గురించి వస్తుందో ఇక్కడ ఎవరికీ నేను చెప్పనక్కర్లేదు.

ఆడవాళ్ళ గురించే ఇంకొక అధ్యయనం చెప్తాను. ఇది నాకు ఇష్టమైనది. ఇటలీలో ఉంబ్రియా ప్రాంతంలో మఠం దాటి బయటికి రాని 144 మంది నన్స్‌నీ, ఆ చుట్టుపక్కలే ఉండే 138 మంది మామూలు ఆడవాళ్ళనీ ఇరవై ఏళ్ళపాటు చూశారు. మొదట్లో ఇద్దరి బి.పి.లూ సమానమే, కుటుంబ చరిత్రలూ సమానమే. తినే ఉప్పులోనూ పెద్ద తేడా లేదు. ఇరవై ఏళ్ళ తర్వాత బయటి ఆడవాళ్ళ బి.పి. వయసుతో పాటు పెరిగింది. నన్స్‌ది పెరగలేదు. ప్రశాంతమైన జీవితమే కారణమని ఆ డాక్టర్లు రాశారు. వాళ్ళకు అప్పులవాడు లేడు, తాగొచ్చే మొగుడు లేడు, పిల్లల ఫీజు లేదు అని మా బస్తీ ఆడవాళ్ళకు చెప్తే పడి పడి నవ్వారు. "మమ్ముల్ని గూడ పంపుండ్రి మేడం" అన్నారు. ఇది చిన్న అధ్యయనం, దీన్నిబట్టి అంతా తేల్చలేం. అయినా వయసు పైబడితే బి.పి. రాక తప్పదనే మాటను అది కదిలిస్తుంది.

తల్లి నుంచి కూతురికి వచ్చేవి జన్యువులే కాదు. చివర తినడం వస్తుంది. కూర అయిపోయాక ఊరగాయతో, పచ్చడితో అన్నం కలుపుకోవడం వస్తుంది. రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దేశంలో చేసిన కొలతల్లో 8 నుంచి 11 గ్రాముల దాకా కనిపించింది. ఇంట్లో కూర ఎవరికి మిగులుతుంది, పచ్చడి మెతుకులు ఎవరికి మిగులుతాయి అని వేరుగా కొలిచి చూడాల్సిన పని ఇంకా మన ముందుంది.

కడుపులో ఉన్నప్పటి ఆకలి కూడా వస్తుంది. తక్కువ బరువుతో పుట్టిన వాళ్ళకు పెద్దయ్యాక గుండె జబ్బులు, బి.పి. ఎక్కువని ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ 1980ల చివర్నుంచీ చెప్తూ వచ్చాడు. మనకు దగ్గర్లోనే దీనికి సంబంధించిన పని జరిగింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళలో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్ళలో గర్భిణులకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా అదనపు తిండి అందింది. 14 ఊళ్ళలో అప్పటికింకా ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళయ్యాక మళ్ళీ వెతికి పట్టుకుని కొలిచారు. తిండి అందిన ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. రక్తనాళాల బిగుసు తక్కువగా ఉంది, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. బి.పి.లో మాత్రం తేడా కనిపించలేదు. ఆ మాట కూడా చెప్పాలి, మనకు అనుకూలమైన ముక్కలే ఏరుకోకూడదు. కానీ రక్తనాళాలు ముందే బిగుసుకుపోవడం తర్వాత వచ్చే జబ్బుకు దారి. అంగన్‌వాడీలో పెట్టే గిన్నెడు తిండి పదిహేనేళ్ళ తర్వాత కూడా ఒంట్లో కనిపిస్తుందన్నది చిన్న సంగతి కాదు. అంగన్‌వాడీ బడ్జెట్ల గురించి కొట్లాడే వాళ్ళు ఈ కాగితం దగ్గర పెట్టుకోవాలి.

కోడలు అత్త జన్యువులు పంచుకోదు, వంటిల్లు పంచుకుంటుంది. 2023లో నాలుగు దేశాల దంపతుల మీద వచ్చిన అధ్యయనంలో, మన దేశంలో 45 ఏళ్ళు దాటిన దంపతుల్లో నూటికి ఇరవై జంటల్లో ఇద్దరికీ బి.పి. ఉంది. భర్తకు ఉంటే భార్యకు ఉండే అవకాశం 19 శాతం ఎక్కువ. మేనరికాన్ని పక్కన పెడితే మొగుడూ పెళ్ళాలది ఒక వంశం కాదు కదా.

అయితే వంశం బలంగా ఉన్నవాళ్ళకు ఏం చేసినా లాభం లేదా? బ్రిటన్‌లో రెండు లక్షల డెబ్భై వేల మందికి పైగా మనుషుల్ని చూసి 2018లో ఒక లెక్క తీశారు. తిండి, నడక, బరువు, పొగ, మద్యం విషయంలో జాగ్రత్తగా ఉన్నవాళ్ళకు, లేనివాళ్ళకన్నా బి.పి. 4 నుంచి 5 పాయింట్లు తక్కువగా ఉంది. వంశభారం తక్కువ ఉన్నవాళ్ళలోనూ అంతే, ఎక్కువ ఉన్నవాళ్ళలోనూ దాదాపు అంతే. మాత్ర కూడా అంతే. ఆ అరుదైన జబ్బులు తప్పిస్తే, మామూలు బి.పి. మాత్రలు వేసుకునేవాళ్ళ వంశం అడగవు.

ఇక మీ చేతుల్లో ఉండే కాగితం సంగతి. ముప్పై దాటిన వాళ్ళందరికీ ఆశా కార్యకర్తలు నింపే సీబ్యాక్ పత్రం మీకు తెలుసు. మార్కులు వేసే ప్రశ్నలు ఆరు: వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, శ్రమ, కుటుంబ చరిత్ర. తల్లిదండ్రులకో తోబుట్టువులకో బి.పి., షుగరు, గుండెజబ్బు ఉంటే 2 మార్కులు. మొత్తం 4 దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. వంశాన్ని ప్రశ్నగా పెట్టడం మంచిదే. కానీ ఈ ప్రశ్నకు ఆడవాళ్ళు ఇచ్చే జవాబు ఎలాంటిదో చూడండి. "లేదు" అంటుంది. వాళ్ళమ్మ చేతికి ఎన్నడూ ఎవరూ పట్టీ చుట్టలేదు, కొలవనిది ఉందో లేదో ఎవరికి తెలుసు? పద్నాలుగేళ్ళకు పెళ్ళి చేసి పంపేశారు, తల్లిగారిల్లు చూసి పదేళ్ళయింది, అన్నకు ఏ జబ్బుందో ఆమెకెలా తెలుస్తుంది? కాబట్టి "బి.పి. ఉందా" అని ఆపకండి. మీ అమ్మ ఎట్లా పోయింది, ఎంత వయసులో పోయింది, ఇంట్లో ఎవరికైనా కాలూ చెయ్యీ పడిపోయిందా, నిద్రలో పోయినవాళ్ళున్నారా అని అడగండి. బొమ్మ మారిపోతుంది. మేం అలా అడగడం మొదలుపెట్టాక "లేదు" అన్నవాళ్ళలో చాలామంది కాసేపాగి ఒక చిన్నమ్మనో, ఒక అన్ననో గుర్తు చేసుకునేవాళ్ళు.

శ్రమ ప్రశ్న సంగతి నన్ను మాట్లాడనివ్వకండి, సాయంత్రమవుతుంది. నాలుగిళ్ళలో అంట్లు తోమే మనిషిని వారానికి నూటయాభై నిమిషాలు శరీరశ్రమ చేస్తావా అని అడగాలి!

ఆ ఆరు ప్రశ్నల్లో లేనిది ఒకటుంది. ఆమె సొంత కాన్పులు. గర్భంలో ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీకి తర్వాతి జీవితంలో బి.పి. జబ్బు వచ్చే అవకాశం మూడున్నర రెట్లకు పైనే అని, గుండెజబ్బు అవకాశం రెట్టింపు అని 2007లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి చెప్పారు. కాన్పు అయిపోగానే బి.పి. దిగిపోయిందని ఇంటికి పంపిస్తారు. బిడ్డకు టీకాలు వేయించడానికి వస్తుంది, ఆమె చెయ్యి ఎవరూ పట్టుకోరు. మా బస్తీ ఆమెకు ఆ కాన్పు తర్వాత పన్నెండేళ్ళపాటు ఎవరూ బి.పి. చూడలేదు. ప్రశ్న పత్రంలో లేకపోయినా మార్జిన్‌లో రాయండి: ఏ కాన్పులోనైనా బి.పి., వాపు, ఫిట్స్ ఉన్నాయా అని. ఇంకొకటి. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి బి.పి. మాత్రలు గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు. మందులు వాడుతున్న అమ్మాయి గర్భం కావాలనుకుంటే, నెల తప్పకముందే డాక్టరుకు చెప్పేలా చూడండి. తనంతట తాను మానేయకూడదు, మార్పించుకోవాలి.

ఒక భయం కూడా మీతో పంచుకోవాలి. నేను చెప్పిందంతా తలకిందులుగా వాడుకునే అవకాశం ఉంది. పెళ్ళిచూపుల్లో "మీ ఇంట్లో బి.పి. ఉందటగా" అని అడగడం ఇప్పటికే విన్నాను. అడిగింది పిల్లవాడి తరఫు వాళ్ళు, అడిగింది పిల్ల ఇంటివాళ్ళని. పెళ్ళి కుదిరేదాకా మాత్రలు బియ్యం డబ్బాలో దాచిన అమ్మాయి ఒకామె నాకు తెలుసు. పెళ్ళయ్యాక కూడా దాచాల్సి వచ్చి, చివరికి వేసుకోవడమే మానేసింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆడవాళ్ళలో సుమారు నాలుగో వంతుకు, మగవాళ్ళలో అంతకన్నా ఎక్కువమందికే బి.పి. ఉంది. బి.పి. లేని వంశం వెతుక్కుంటూ పోతే ఈ రెండు రాష్ట్రాల్లో పెళ్ళిళ్ళు జరగవు. కుటుంబ చరిత్ర మీరు రాసుకునేది ఆమె కోసం. అది ఆ ఇంట్లో ఎవరి ముందు అడుగుతున్నారో చూసుకుని అడగండి. అత్త ఎదురుగా కోడలి తల్లి జబ్బు అడిగితే మనమే ఒక ఆయుధం అందించినట్టు.

ఆ బస్తీ ఆమె సంగతి అడుగుతారని తెలుసు. మాత్ర వేసుకుంటోంది, అప్పుడప్పుడూ మానేస్తోంది. ఆస్పత్రికి వెళ్ళిన రోజు ఒక ఇంటి పని పోతుంది, ఆ పూట జీతం కోస్తారు. కూతురికి పెళ్ళయింది, ఐదో నెల. పిల్ల కార్డు రాయించడానికి తనే వెంట వెళ్ళింది. "మీ అమ్మకు బి.పి. ఉందా" అని అడిగితే తనే జవాబు చెప్పిందట: "నాకున్నది. ఈ పిల్ల నాయనమ్మకు గూడ వాతమొచ్చింది. ఇగ ఈమె మొగని తల్లిని గూడ అడిగి రాసుకోండ్రి." నర్సమ్మ రాసుకుందో లేదో ఆమెకు తెలియలేదు.

బయట వరండాలో రెండు బి.పి. యంత్రాలు పెట్టించాను. భోజనాలకు ముందే చూపించుకోండి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కాకుండా ఐదు నిమిషాలు కూచుని, కాళ్ళు నేల మీద ఆనించి, మాట్లాడకుండా. మాట్లాడకుండా అన్నది మనకు కష్టమే. ఇక్కడున్న వాళ్ళలో గత ఏడాదిలో ఒక్కసారి కూడా చూపించుకోని వాళ్ళు ఎంతమందో చేతులెత్తమంటే నేను కూడా ఎత్తాలి.